సౌత్ మాసిఫ్ కొండచరియ: టైకో దెబ్బా, చంద్రకంపమా?

ఫణిధర్ (హెబ్బాళ):

ఆదివారం బెంగళూరు లాల్‌బాగ్ బండ మీద కూర్చుని మొదలుపెట్టిన వాదన చీకటి పడటంతో సగంలోనే ఆగింది. ఇక్కడ కొనసాగిద్దాం. ఆ రోజు రానివాళ్ల కోసం మొదటి నుంచీ చెబుతాను.

1972 డిసెంబరు 11న చంద్రుడి మీద అపోలో 17 దిగిన టారస్-లిట్రో లోయకు ఒక పక్కన సౌత్ మాసిఫ్ అనే కొండ ఉంది. లోయ అడుగు నుంచి దాదాపు 2,300 మీటర్ల ఎత్తు. మన నందిహిల్స్ 1,478 మీటర్లు, అదీ సముద్రమట్టం నుంచి కొలిస్తే. ఆ కొండ వాలు నుంచి ఎప్పుడో లేత రంగు మట్టీ రాళ్లూ జారి లోయలోకి సుమారు 5 కిలోమీటర్ల దూరం పరుచుకున్నాయి. వ్యోమగాములు సెర్నన్, ష్మిట్ రెండో రోజు రోవర్ మీద కొండ పాదం దాకా వెళ్లి, తిరుగుదారిలో ఆ చరియ మీదే ఆగి నమూనాలు తీశారు.

దాన్ని జార్చింది ఏది? ఎన్నో ఏళ్లుగా వింటున్న సమాధానం టైకో అనే ఉల్కాబిలం. 2,250 కిలోమీటర్ల అవతల 85 కిలోమీటర్ల వెడల్పున ఆ బిలం ఏర్పడినప్పుడు ఎగిరిన శిలలు వచ్చి కొండ నెత్తిన పడ్డాయని, ఆ దెబ్బకు చరియ జారిందని అంటారు. 2025లో థామస్ వాటర్స్, నికొలస్ ష్మెర్ అనే శాస్త్రవేత్తలు వేరే మాట చెప్పారు. లోయకు అడ్డంగా, సౌత్ మాసిఫ్ నుంచి నార్త్ మాసిఫ్ దాకా లీ-లింకన్ అనే భ్రంశం ఉంది. చంద్రుడు లోపల చల్లబడి కుంచించుకుపోతుంటే పైపొర విరిగి ఒక పక్క మరో పక్క మీదికి ఎక్కింది. అలా లేచిన గట్టు కొన్నిచోట్ల 80 మీటర్లు ఉంటుంది. గత 9 కోట్ల ఏళ్లలో ఆ భ్రంశం పదేపదే కదిలి, సుమారు 3 తీవ్రతతో కంపాలు వచ్చి, బండలనూ చరియలనూ దొర్లించాయన్నది వాళ్ల వాదన.

నాది ఈ రెండో పక్షం. కారణం నార్త్ మాసిఫ్ పాదం దగ్గరున్న బండ. ఇల్లంత బండ అది, అయిదు ముక్కలై పడి ఉంది. వాలు మీద అది దొర్లుకుంటూ వచ్చిన జాడ ఫొటోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. అది అక్కడికి చేరి సుమారు 2.2 కోట్ల ఏళ్లే. టైకో వయసు 10.9 కోట్ల ఏళ్లని అంటున్నాం కదా, మరి ఈ బండను కదిపింది ఎవరు?

సువర్చల (మల్లేశ్వరం):

ఫణిధర్ గారూ, బండ వేరు, చరియ వేరు. ముప్పై ఏళ్లు భూగర్భశాస్త్రం పాఠం చెప్పినదాన్ని కాబట్టి ఈ రెండింటినీ ఒకే గాటన కడితే ఊరుకోలేను. ఒక్క బండ దొర్లడానికి పైన చిన్న ఉల్క పడినా చాలు. కింది మట్టి కాస్త సడలినా చాలు. లోయ సగం కప్పేసిన చరియకు అంతకు తగిన కారణం చూపించాలి.

మీరు చెప్పిన 2.2 కోట్ల లెక్క ఎలా వస్తుందో కూడా చూడండి. కాస్మిక్ కిరణాలు రాతిలోకి మీటరు, రెండు మీటర్ల లోతుకే చొచ్చుకుపోగలవు. అవి తగిలిన చోట నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్ ఐసోటోపులు కొద్దికొద్దిగా పోగుపడతాయి. వాటిని కొలిస్తే ఆ రాయి ఎన్నాళ్లుగా ఆకాశం కింద ఉందో తెలుస్తుంది. దాన్ని బయటికి తెచ్చింది ఉల్కా, కంపమా అన్నది ఆ కొలతలో ఉండదు. తేదీ మాత్రమే ఉంటుంది.

ఇక టైకో పక్షాన ఉన్న సాక్ష్యం. ల్యాండర్ దిగిన చోటి చుట్టూ ఒక బిలాల గుంపు ఉంది, సెంట్రల్ క్లస్టర్ అంటారు. అక్కడి రాళ్లు బయటపడిన కాలం, చరియ రాళ్లు బయటపడిన కాలం దాదాపు ఒకటే. సౌత్ మాసిఫ్ శిఖరం దగ్గర కూడా అలాంటి చిన్న బిలాలున్నాయి. టైకో నుంచి వచ్చిన కిరణరేఖ, అంటే అక్కడి నుంచి ఎగిరిపడ్డ మట్టీ రాళ్ల లేత చార, ఆ దిక్కుగానే సాగుతుంది. ఇన్ని ఒకచోట కలిసినప్పుడు యాదృచ్ఛికం అని తోసిపుచ్చడం నాకు చేతకాదు.

ఇందులో పెద్ద చిక్కు మరొకటి ఉంది. టైకోకు 10.9 కోట్ల ఏళ్లని మనం చెప్పేది అక్కడికి వెళ్లి తెచ్చిన రాయిని బట్టి కాదు. ఈ లోయ రాళ్లను బట్టే. బిలాలను లెక్కపెట్టి చంద్రుడి నేలల వయసు కట్టే పద్ధతికి ఆ తేదీ ఒక గుంజ. చరియకు టైకోతో సంబంధం లేదంటే ఆ గుంజ కదులుతుంది. అంత పని చేసేముందు గట్టి ఆధారం అడగడం తప్పా?

కిరణ్ (మారతహళ్లి):

నాకో సందేహం. అపోలో వాళ్లు చంద్రుడి మీద భూకంపమాపకాలు పెట్టి వచ్చారు కదా. లీ-లింకన్ కదులుతోందా లేదా అన్నది వాటిలోనే తేలిపోవాలి కదా?

ఫణిధర్ (హెబ్బాళ):

అక్కడే నాకు బాధ కిరణ్. మామూలు కంపమాపకాలు అపోలో 12, 14, 15, 16 దిగిన చోట్ల 1977 దాకా పనిచేశాయి. 11 దిగిన చోటిది కొద్ది వారాలే పనిచేసింది. భ్రంశం పక్కనే దిగిన 17 మాత్రం అలాంటిది తీసుకెళ్లలేదు. నేల కంపాలను వినే జియోఫోన్లు తీసుకెళ్లింది, అవి ముఖ్యంగా ఎనిమిది పేలుడు పదార్థాలను పేల్చి అక్కడి నేల పొరలను కొలిచే ప్రయోగం కోసం. తర్వాత కొంతకాలం ఊరికే వినడానికీ వాడారు. వాటిలో దొరికినవి ఎక్కువగా ఎండకు, చలికి నేల పగిలే చిన్న కంపాలు. ఆ రికార్డులను 2023లో మళ్లీ విశ్లేషిస్తే, వదిలివచ్చిన ల్యాండర్ అడుగుభాగం తెల్లవారగానే వేడెక్కి చేసే కంపనాలు కూడా వాటిలో ఉన్నాయని తేలింది.

మిగతా నాలుగు చోట్లా కలిపి నమోదైన లోతులేని కంపాలు 28. లీ-లింకన్ లాంటి భ్రంశాలతో ముడిపెడుతున్నది వీటినే. కొన్ని 5 తీవ్రత దాటాయి. నాలుగు పరికరాలూ చంద్రుడిలో మనకు కనిపించే పక్కనే ఉండటంతో కంపం ఎక్కడ పుట్టిందో కచ్చితంగా చెప్పడం కష్టం.

సువర్చల గారూ, గుంజ కదులుతుందని మీరన్నది నిజమే. సెంట్రల్ క్లస్టర్‌ను టైకోకే వదిలేస్తాను, మీ గుంజ అలాగే ఉంటుంది. నేను అడుగుతున్నది చరియ సంగతి. అది ఒకటి కాదు, వేర్వేరు కాలాల్లో జారిన రెండు అనే వాదన కూడా ఉంది. అప్పుడు రెండోసారి కొండను కదిపింది ఏది? కొండ కిందే భ్రంశం ఉంటే తీవ్రత 3 అయినా తక్కువ కాదు. దూరం కొద్ది కిలోమీటర్లు, లోతు తక్కువ. వాలు మీది మట్టిని పట్టి ఉంచే బరువు భూమి మీద ఉండేదానిలో ఆరో వంతు.

రామచంద్రం మాస్టారు (జయనగర):

నాయనా ఫణీ, సువర్చలమ్మా, మీ ఇద్దరి వాదన చదివాను. ఏది గెలిచినా మనుషులు దిగే చోటి సంగతేమిటి అన్నది నన్ను పట్టుకుంది.

వాటర్స్ వాళ్ల లెక్క ప్రకారం, కదిలే భ్రంశం పక్కన ఏ ఒక్క రోజైనా నష్టం కలిగించే కంపం వచ్చే అవకాశం రెండు కోట్లలో ఒకటి. పదేళ్లు ఉంటే 5,500లో ఒకటి. ఫణీ, నువ్వు భవనాలకు లెక్కలు కట్టే ఇంజనీరువి. ఇక్కడ మామూలు భవనాలకు సుమారు 475 ఏళ్లకు ఒకసారి వచ్చే కంపాన్ని లెక్కలోకి తీసుకుంటారని నాకు చెప్పింది నువ్వే. దానితో పోలిస్తే చంద్రుడి మీద ఈ ప్రమాదం ఎంత? దానికి భయపడి కొండల పక్కన దిగవద్దంటే నేను ఒప్పుకోను. శాస్త్రం ఉన్నది కొండల దగ్గరే. ష్మిట్ నారింజ రంగు మట్టిని చూసింది ఆ చరియ అంచునున్న షార్టీ బిలం దగ్గర. చదును నేల మీదే తిరిగి ఉంటే అది దొరికేదా?

2040 నాటికి మనవాళ్లు చంద్రుడి మీద అడుగుపెట్టాలని లక్ష్యం పెట్టుకున్నాం. ఆ రోజు నేను ఉంటానో లేదో. వాళ్లు మంచి కొండ పక్కన దిగాలని నా కోరిక.

ఫణిధర్ (హెబ్బాళ):

మాస్టారూ, కొండ వద్దని నేను అనడం లేదు. 475 ఏళ్ల లెక్క ఇక్కడ చెల్లుతుంది, ఎందుకంటే దాని వెనక శతాబ్దాల చరిత్ర, వందలాది పరికరాల రికార్డులు ఉన్నాయి. 5,500 అన్న సంఖ్య వెనక ఉన్నది ఒకే లోయ, అక్కడ దొర్లిన కొన్ని బండలు. భ్రంశం ఎంత తరచుగా కదిలిందన్న అంచనా మారితే అదీ మారుతుంది. పైగా కంపం ఎంతసేపు ఉంటుందన్నది చూడాలి. ఇక్కడ బలంగా ఊగేది నిమిషం, రెండు నిమిషాలు. చంద్రుడి నేల పొడిగా, ముక్కలుముక్కలుగా ఉంటుంది కనుక లోతులేని కంపాలు పది నిమిషాలు దాటి సాగిన రికార్డులున్నాయి. అపోలో ల్యాండర్ ఎత్తు 7 మీటర్లు, అది ఉన్నది మూడు రోజులు. మనుషులను దించడానికి ఇప్పుడు అనుకుంటున్న స్టార్‌షిప్ సుమారు 50 మీటర్లు. ఏటవాలు నేల మీద కాళ్లూని నిలబడే అంత పొడవైన కట్టడానికి నేను సంతకం పెట్టాలంటే, కింది నేల ఎలా ఊగుతుందో ముందు కొలిచి చూపించమంటాను.

అలా కొలిచే పరికరం మన ఊళ్లోనే తయారైంది. చంద్రయాన్-3లో వెళ్లిన ఇల్సా అనే కంపమాపకం ఇస్రోవారి ఇక్కడి లియోస్ ప్రయోగశాలలోనే రూపొందింది. 2023 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సుమారు 190 గంటలు విన్నది. రాత్రి చలికి తట్టుకుని ఏళ్ల తరబడి వినేలా అలాంటి దాన్ని తయారుచేసి, మనుషులకంటే ముందు కొండ పాదం దగ్గర పెట్టాలి. నేను అడిగేది అంతే.

సువర్చల (మల్లేశ్వరం):

కంపమాపకం ముందు వెళ్లాలన్నదానికి నా ఓటు కూడా వేయండి. కానీ అది చెప్పేది ఇప్పటి సంగతి. 10 కోట్ల ఏళ్ల కిందటి చరియను అది తేల్చలేదు.

తేల్చగలిగేది మట్టి. సెర్నన్ ఆ చరియలోకి సుత్తితో దిగ్గొట్టిన జంట గొట్టం ఉంది, మొత్తం 70 సెంటీమీటర్లు. కింది సగాన్ని చంద్రుడి మీదే శూన్యంలో మూసి తెచ్చి, 2022లో తెరిచారు. యాభై ఏళ్లు ఓపికపట్టి మెరుగైన పరికరాలు వచ్చాక తెరవడం నాకు ఎంతో నచ్చిన పని. పొరల వారీగా ఆ మట్టి చెప్పేది చదవాలి.

ఇంకొకటి మనమే మొదలుపెట్టవచ్చు. 2009 నుంచి చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఎల్ఆర్వో అనే నాసా వ్యోమనౌక చిత్రాల్లో లీ-లింకన్ లాంటి గట్లు వేలకొద్దీ ఉన్నాయి. టైకో కిరణరేఖలకు దూరంగా ఉన్న గట్ల పక్కన కూడా ఇలాంటి చరియలు కనిపిస్తే ఫణిధర్ గారి మాట బలపడుతుంది. రేఖల దారిలోనే కనిపిస్తే నాది నిలుస్తుంది. చిత్రాలు అందరికీ ఉచితంగా దొరుకుతాయి. తూర్పు సగం నేను చూస్తాను. పడమటి సగం ఎవరు తీసుకుంటారు?

కిరణ్ (మారతహళ్లి):

నేను తీసుకుంటాను. గట్టుకు ఎంత దూరం లోపు ఉన్న చరియను లెక్కలోకి తీసుకోవాలో ముందు మీరిద్దరూ తేల్చండి. చూడటం మొదలయ్యాక ఆ దూరం మార్చకూడదు.