ధర ఎక్కువని చెప్పే ఇంగ్లీషు మాటల్లో ఏది ఎక్కడ వాడాలి?

అందరికీ నమస్కారం. ఏదైనా వస్తువు ధర మరీ ఎక్కువగా ఉందని ఇంగ్లీషులో రాయవలసి వచ్చినప్పుడల్లా తడబడుతున్నాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

ఎక్స్‌పెన్సివ్ అంటే ఖరీదైనదని మాత్రమే అర్థమనీ, ఆ వస్తువు అంత విలువ చేయవచ్చుననీ, ఓవర్‌ప్రైస్డ్ అంటే మాత్రం విలువకు మించిన ధర పెట్టారన్న ఆక్షేపణ ఉందనీ గ్రహించాను. ఇటీవల నేను రాసిన ఉత్తరంలో ‘ది ప్రైస్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్’ అన్న చోట ఒక మిత్రుడు చివరి మాటను కొట్టివేసి పైన ‘హై’ అని రాశారు. ధర ఎక్కువగా ఉంటుందే తప్ప ఖరీదుగా ఉండదు కదా అని ఆయన అడిగాక, తెలుగులోనూ అంతేనని తట్టింది.

బ్రిటిష్ ఇంగ్లీషులోని డియర్ నాకు చాలా నచ్చింది, ఎందుకంటే మన ‘ప్రియం’ లాగే అదీ ఇష్టాన్నీ, అధిక ధరనూ ఒకే మాటలో చెబుతుంది. అయితే ఈ అర్థంలో దాన్ని ఇప్పటికీ మామూలుగా వాడుతున్నారా?

నా అసలు ఇబ్బంది తీవ్రమైన మాటలతోనే. ఎగ్జార్బిటెంట్‌కు లాటిన్ మూలంలో బండి గాడి తప్పడమన్న భావం ఉంది; ఎక్స్‌టార్షనేట్‌లో బెదిరించి గుంజుకోవడమన్న ఛాయ కనిపిస్తుంది. అమ్మకందారును నిందించకుండా, ధర అన్యాయంగా ఉందని మర్యాదగా, గట్టిగా చెప్పే ఉత్తరంలో వీటిలో ఏది తగినది? స్టీప్ అంటే మరీ తేలికగా వినిపిస్తుందా? ఒక్కో మాటకు ఒక ఉదాహరణ వాక్యం కూడా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.