పాత సీ ప్రోగ్రామ్ బిల్డ్ అవ్వట్లేదు, లింకింగ్ దగ్గర "మల్టిపుల్ డెఫినిషన్" ఎర్రర్

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేస్తారు. గళ్ల కాగితం మీద గీసినట్టు డిజైన్ గీసి, ఏ గడిలో ఏ రంగు నూలు పడాలో చూపించే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఆయనకు బాగా అలవాటు. పాత కంప్యూటర్ పాడైంది. కొత్తదాంట్లో డెబియన్ 12 (లినక్స్) వేసి, సోర్స్ నుంచి బిల్డ్ చేస్తున్నాను.

మొదట జీటీకే (విండోలు, బటన్లు చూపించే లైబ్రరీ) హెడర్ ఫైల్ దొరకలేదంది. జీటీకే 2 డెవ్ ప్యాకేజీ వేస్తే అది పోయింది. ఇప్పుడు ఫైల్స్ అన్నీ కంపైల్ అవుతున్నాయి కానీ, చివర్లో లింకర్ (కంపైల్ అయిన ఫైల్స్‌ను కలిపి ఒక్క ప్రోగ్రామ్‌గా చేసేది) "మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ ప్యాలెట్" అని ఆగిపోతోంది. తెరిచి చూస్తే, ఆ ప్యాలెట్ అర్రేను హెడర్‌లో ఎక్స్‌టర్న్ (అసలు వేరియబుల్ వేరే చోట ఉందని చెప్పే మాట) లేకుండానే రాశారు. ఆ హెడర్‌ను మూడు సీ ఫైల్స్ ఇన్‌క్లూడ్ చేస్తున్నాయి. సీ కంపైలర్ జీసీసీ 10 నుంచి నో-కామన్ (వేర్వేరు ఫైల్స్‌లో ఒకే పేరుతో ఉన్న గ్లోబల్ వేరియబుల్స్‌ను ఒకటిగా కలపకపోవడం) డిఫాల్ట్ అయింది కాబట్టి ఇలా వస్తోందని అర్థమైంది.

సీఫ్లాగ్స్‌లో (కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్లలో) ఎఫ్‌కామన్ (పాత పద్ధతిని మళ్లీ తెచ్చే ఫ్లాగ్) పెట్టి మళ్లీ కాన్ఫిగర్, మేక్ చేశాను. అదే ఎర్రర్! మధ్యలో మేక్ క్లీన్ (పాత బిల్డ్ ఫైల్స్ తీసేసే కమాండ్) చేయలేదు. పాత ఆబ్జెక్ట్ ఫైల్స్‌నే మళ్లీ లింక్ చేస్తోందా? లేక మేక్‌ఫైల్ నా ఫ్లాగ్‌ను పట్టించుకోవట్లేదా, అది ఎలా తెలుసుకోవాలి?

ఇంకోటి. ఫ్లాగ్‌తో సరిపెట్టుకోవాలా, హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి ఒక్క సీ ఫైల్‌లోనే డిఫైన్ చేయడం మంచిదా? నాకు రెండోదే సరైనదనిపిస్తోంది, కానీ సీ అంతగా రాదు. మగ్గం మీద ఆర్డర్ సగంలో ఉంది, నాన్న రోజూ అడుగుతున్నారు. తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి.