టచ్‌ప్యాడ్ క్లిక్ పడట్లేదు, కింది మూత లేచింది. టచ్‌ప్యాడ్ మార్చాలా?

ప్రశ్న:
ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లయింది. ఆఫీసు పనికని రోజంతా చార్జర్‌కే పెట్టి ఉంటుంది. రెండు వారాలుగా టచ్‌ప్యాడ్ ఎంత గట్టిగా నొక్కినా క్లిక్ పడట్లేదు. వేలు జరిపితే కర్సర్ మామూలుగానే కదులుతోంది. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, తేడా లేదు. బల్ల మీద పెడితే ఊగుతోంది కూడా. టచ్‌ప్యాడ్ మార్పించాలా?

జవాబు 1:
టచ్‌ప్యాడ్ జోలికి వెళ్లకండి. కర్సర్ కదులుతోందంటే ప్యాడ్, దాని కేబుల్, డ్రైవర్ బాగున్నట్టే. క్లిక్ పడాలంటే ప్యాడ్ వెంట్రుకవాసి కిందికి దిగాలి. దిగడానికి చోటు లేదు, కిందున్న బ్యాటరీ ఉబ్బి పైకి తోస్తోంది. బల్ల మీద ఊగుతోందన్నారు చూడండి, అసలు గుర్తు అదే.

చార్జర్ ఇప్పుడే పీకేసి షట్‌డౌన్ చేయండి. స్లీప్‌లో పెడితే చాలదు. లేచిన మూతని నొక్కి సర్దొద్దు, బ్యాగులో పుస్తకాల మధ్య కుక్కొద్దు. ఫైళ్లు అర్జెంటైతే బ్యాటరీ తీశాక చూసుకోవచ్చు.

జవాబు 2:
పై మాటే కరెక్టు. పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఉండేవి రేకు సంచీలాంటి లిథియం పాలిమర్ సెల్స్. లోపలి ఎలక్ట్రోలైట్ (చార్జ్‌ని మోసే రసాయనం) విడిపోతే గ్యాస్ పుడుతుంది, బయటికి పోయే దారి లేక సంచీ దిండులా ఉబ్బుతుంది. ఎప్పుడూ 100 శాతం చార్జ్‌లో ఉండటం, దానికి తోడు వేడి, ఈ రెండూ కలిస్తే ఇది త్వరగా జరుగుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో రోజంతా ప్లగ్‌లో ఉంటే మరీను.

విప్పడం అలవాటుంటేనే చేయండి. కింది స్క్రూలకి చాలావరకు పీహెచ్ 0 బిట్ (ప్లస్ గుర్తు చిన్న స్క్రూడ్రైవర్ మొన) సరిపోతుంది, ఒకటో రెండో రబ్బరు కాళ్ల కింద దాగి ఉంటాయి. వాటి పొడవులు వేరువేరు. కాగితం మీద మూత బొమ్మ గీసి ఏది ఎక్కడిదో అక్కడే పెట్టండి. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన ప్యానెల్‌ని పొడుచుకొస్తుంది.

మూత తీయగానే ముందు మదర్‌బోర్డు దగ్గర బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఆ తర్వాతే బ్యాటరీ స్క్రూలు. జిగురుతో అంటించి ఉంటే పాత ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా లేపండి, ఇనుప వస్తువు అస్సలు వద్దు. గట్టిగా అంటుకుని ఉంటే అక్కడితో ఆపేసి సర్వీస్‌కి ఇవ్వండి. సూదితో గుచ్చి గాలి తీయొచ్చని ఎవరైనా చెప్తే వినకండి, లోపలి పొరలు షార్టయి చేతిలోనే మంట అంటుకోవచ్చు.

అడిగినవారు:
థాంక్సండీ. పాత బ్యాటరీ తీసేశాక, కొత్తది వచ్చేదాకా అడాప్టర్ మీద నడుస్తుందా? కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు 1:
చాలా మోడళ్లు నడుస్తాయి, కొన్ని మాత్రం స్పీడు తగ్గించుకుంటాయి. కరెంటు పోతే మాత్రం టప్పున ఆగిపోతుంది, పని చేసేటప్పుడు సేవ్ చేస్తూ ఉండండి.

ల్యాప్‌టాప్ మోడల్ పేరు చూసి ఆర్డర్ పెట్టొద్దు, ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల బ్యాటరీలు ఉంటాయి. పాత బ్యాటరీ లేబుల్ మీదున్న పార్ట్ నంబర్, వోల్టేజీ (11.4 అనో 7.6 అనో ఉంటుంది) రెండూ కలవాలి. కొత్తది వేశాక చార్జ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టండి. లెనోవో అయితే వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్ అయితే మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్. రోజంతా ప్లగ్‌లో ఉంచేవాళ్లకి ఇది తప్పనిసరి అంటాను.

జవాబు 3:
తీసిన పాతదాన్ని చెత్తబుట్టలో వేయొద్దు. చెత్త బండిలో నలిగితే మంట లేస్తుంది. కనెక్టర్ మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, పొడి ఇసుక పోసిన ఇనప డబ్బాలో పెట్టి, ఇంటి బయట నీడలో ఉంచండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే, కాబట్టి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. కొరియర్‌లో పంపొద్దు, చేత్తో తీసుకెళ్లి ఇవ్వండి.

ఇంకొకటి, కొత్త బ్యాటరీ బిగించే ముందే టచ్‌ప్యాడ్ ఒకసారి నొక్కి చూడండి. క్లిక్ వస్తే ఇక దానికి ఖర్చు లేదు. రాకపోతే ప్యాడ్‌ని పట్టుకునే రేకు వంగిందేమో చూడాలి.