అమ్మ గొంతు వాపు: అయోడిన్ తక్కువైందా, ఎక్కువైందా?

నమస్తే అండి, మేం ఉండేది హైదరాబాద్, తార్నాకలో. అమ్మకి 56 ఏళ్లు. మొన్న పెళ్లికెళ్తూ హారం వేసుకుంటుంటే గొంతు కింద నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది, గుటక వేసినప్పుడల్లా పైకీ కిందికీ కదులుతోంది. స్కాన్‌లో థైరాయిడ్ గ్రంథి పెరిగిందన్నారు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూసే రక్తపరీక్ష) మాత్రం నార్మల్. మూడు నెలలాగి రమ్మన్నారు, ఎందుకొచ్చిందని అడిగేలోపే తర్వాతి పేషెంట్ లోపలికొచ్చేశారు.

రెండేళ్లుగా మేం ప్యాకెట్ ఉప్పు మానేసి అయోడిన్ కలపని దొడ్డుప్పే వాడుతున్నాం (ఐడియా నాదే, ఇప్పుడు అమ్మ ముఖం చూడలేకపోతున్నా). 1917లో అమెరికాలోని ఆక్రన్‌లో డేవిడ్ మెరైన్ అనే డాక్టర్ బడి ఆడపిల్లలకి అయోడిన్ ఇచ్చి చాలామందికి గాయిటర్ (థైరాయిడ్ పెరిగి గొంతు వాచడం) రాకుండా ఆపాడట, 1956లో మొదలైన కాంగ్రా లోయ (ఇప్పటి హిమాచల్‌ప్రదేశ్) ప్రయోగంలో అయోడిన్ ఉప్పుతో మన దగ్గరా వాపులు తగ్గాయి. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు చాలంటున్నారు. ఇంతవరకు అర్థమైంది గానీ, జపాన్‌లో హొక్కైడో తీరంలో సముద్రపు నాచు తెగ తినేవాళ్లకి అయోడిన్ ఎక్కువై కూడా గాయిటర్ వచ్చిందని చదివాక టెన్షన్ పట్టుకుంది. ఎందుకంటే మా పిన్ని ఆ నాచు మాత్రలే తెప్పించి పెట్టింది! డబ్బా ఇంకా విప్పలేదు.

ఉప్పు మార్చిన రెండేళ్లకే ఇలా వస్తుందా? యాంటీబాడీ టెస్టు కూడా చేయించాలా? మూడు నెలలు ఆగొచ్చా, లేక ఈలోపే ఎండోక్రినాలజిస్టుకి (హార్మోన్ల డాక్టర్‌కి) చూపించాలా? ఇంట్లో ఎవరికైనా ఇలా అయినవాళ్లుంటే కాస్త చెప్పండి ప్లీజ్.