ఉత్త ప్రోగ్రామా, కేవలం ప్రోగ్రామా? ‘పర్ సే’కి తెలుగు కావాలి

హన్మకొండ నుంచి ప్రశ్న:
మా కాలేజీ పిల్లల కోసం సాఫ్ట్‌వేర్ పేటెంట్ల మీద నాలుగు పేజీల కరపత్రం తయారు చేస్తున్నాం. పేటెంట్ ఆఫీసు తన మార్గదర్శకాలకు ముసాయిదా పెట్టి జనాన్ని అభిప్రాయం అడుగుతుంది. ఇక్కడి నుంచి ఎవరైనా రాశారంటే నేనైతే వినలేదు. విషయం తెలిస్తే కదా రాసేది. అంతా బాగానే వచ్చింది గానీ ఒక్కచోట ఆగిపోయాం. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె)లో ఆవిష్కరణలు కానివాటి జాబితాలో ‘కంప్యూటర్ ప్రోగ్రాం పర్ సే’ ఉంది. నిఘంటువు చూస్తే ‘స్వతః’, ‘తనంతట తానుగా’ అంటోంది. ‘ప్రోగ్రాం స్వతః ఆవిష్కరణ కాదు’ అంటే ఎవరికి ఎక్కుతుంది? ‘కేవలం’ పెట్టేద్దామా?

కాజీపేట:
‘ఉత్త’ పెట్టు తమ్ముడూ. ఉత్త చేతులతో వచ్చిండు, ఉత్త అన్నం తిన్నడు అంటాం కదా. పక్కన ఇంకేమీ లేదని చెప్పడానికి అంతకన్నా సూటి మాట లేదు. ‘కేవలం’ పాఠ్యపుస్తకాల మాట. ‘ఉత్త ప్రోగ్రాంకు పేటెంట్ ఇవ్వరు’ అంటే ఏడో తరగతి పిల్ల కూడా పట్టేస్తుంది. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినోణ్ని, నా మాట నమ్ము.

కరీంనగర్, వకీలు:
సార్, ‘ఉత్త’ నాకూ నచ్చింది. కానీ ఈ ‘పర్ సే’ మీద ఇరవై ఏళ్లకు పైగా కొట్లాట నడుస్తోంది, కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

2002 సవరణతో ఈ క్లాజు వచ్చింది, 2003 మే 20 నుంచి అమల్లో ఉంది. బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ కమిటీ ఈ మాట ఎందుకు చేరుస్తున్నారో కూడా రాసిపెట్టింది. ప్రోగ్రాంకు అనుబంధంగానో, దాని ఆధారంగానో తయారైనవి వేరే ఉండొచ్చు, అవి ఆవిష్కరణలైతే తోసేయొద్దు, ప్రోగ్రాంకు మాత్రం పేటెంట్ ఇచ్చే ఉద్దేశం లేదు అని దాని సారాంశం. ఇక్కడిదాకా ‘ఉత్త’ చక్కగా కుదురుతుంది.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఉత్త ప్రోగ్రాంకు ఇవ్వరంటే దరఖాస్తు రాసేవాడు ఊరుకుంటాడా? దాని పక్కన ఓ మామూలు కంప్యూటరు, ఓ మెమరీ, ఓ స్క్రీన్ చేర్చి ‘ఇది ఉత్తది కాదు, యంత్రంతో కలిసిన వ్యవస్థ’ అంటాడు. నేను ఊహించి చెప్పడం లేదు. 2004 డిసెంబర్ ఆర్డినెన్సులో దాదాపు ఇదే ఉంది. పరిశ్రమలో సాంకేతిక వినియోగం ఉన్నా, హార్డ్‌వేర్‌తో కలిసినా ఈ నిషేధం వర్తించదన్నారు. 2005లో చట్టం చేసేటప్పుడు పార్లమెంటు ఆ మార్పును ఒప్పుకోలేదు, పాత వాక్యమే నిలిచింది. పార్లమెంటు వద్దన్న అర్థాన్ని మన అనువాదం దొడ్డిదారిన తెస్తే ఎట్లా? ‘కేవలం’తోనూ ఇదే ఇబ్బంది. ‘తనంతట తానుగా’ అంటే మాత్రం పక్కన ఏమున్నా ప్రోగ్రాంను విడదీసి చూడమన్నట్టు ఉంటుంది. అంటే ఏ మాట ఎంచుకున్నా మీరు ఒక పక్షాన నిలబడ్డట్టే.

పేటెంట్ ఆఫీసే ఈ రెండింటి మధ్య ఊగింది. సాఫ్ట్‌వేర్ దరఖాస్తులను ఎట్లా పరిశీలించాలో చెప్తూ 2015 ఆగస్టు 21న మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు తలుపులు బార్లా తెరుస్తున్నాయని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు, స్టార్టప్‌ల తరఫు వాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. డిసెంబర్ 14న వాటిని పక్కన పెట్టారు. 2016 ఫిబ్రవరి 19న వచ్చిన కొత్తవాటిలో, కొత్తదనమంతా ప్రోగ్రాంలోనే ఉంటే తిరస్కరించండి, కొత్త హార్డ్‌వేర్ తోడుంటేనే ముందుకు పోండి అని పరీక్ష పెట్టారు. 2017 జూన్ 30న ఆ పరీక్ష పోయింది. పెద్ద కంపెనీలకూ నోరుంటుంది కదా! 2019 డిసెంబర్‌లో ఫరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, ప్రోగ్రాం మీద ఆధారపడ్డ నిజమైన ఆవిష్కరణలకు పేటెంట్ నిరాకరించకుండా ఉండడానికే ‘పర్ సే’ చేర్చారంది. 2025లో మళ్లీ ముసాయిదా పెట్టి, అభిప్రాయాలు తీసుకుని, జులైలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చారు. ఇన్నిసార్లు మారినా చట్టంలో వాక్యం మాత్రం కదల్లేదు. మార్గదర్శకాలు చట్టం కావని, తేడా వస్తే చట్టమే చెల్లుతుందని పిల్లలకు తప్పకుండా చెప్పండి.

సిరిసిల్ల:
వకీలు సాబ్, మా సాంచెల (మరమగ్గాల) మీద చెప్తా, సరిచూడండి. చీర డిజైన్‌ను జకార్డ్ ఫైల్‌గా, అంటే సాంచె చదివి నేసే ఫైల్‌గా, మార్చే ప్రోగ్రాం ఉందనుకుందాం. అది ఉత్తదే. పడుగు పోగు తెగగానే పసిగట్టే కొత్త సెన్సర్ తయారు చేసి, దానికో ప్రోగ్రాం రాసి, సాంచె దానంతటదే ఆగేటట్టు చేస్తే అది ఉత్తది కాదు. మరి పాత సెన్సరే పెట్టి, పోగు తెగబోతోందని ముందే చెప్పే లెక్క ఒక్కటే కొత్తగా రాస్తే?

కరీంనగర్, వకీలు:
అసలు గొడవంతా మీ మూడో సాంచె దగ్గరే. 2016 పరీక్ష ప్రకారం అయితే కష్టం. ఆ తర్వాతి ధోరణి ప్రకారం, సాంచె పనితీరులో సాంకేతిక ఫలితం ఏం వచ్చిందో చూపించి వాదించొచ్చు. కరపత్రంలో ఈ ఉదాహరణే పెట్టండి, నా లెక్చర్ కంటే నయం.

కాజీపేట:
అయితే ‘ఉత్త’ను వదిలేద్దామంటారా?

కరీంనగర్, వకీలు:
వదలొద్దు సార్. దాన్ని ఒంటరిగా వదలొద్దంటున్నాను, అంతే. ‘ఉత్త’ పెట్టి, వెంటనే ఇంకో వాక్యం రాయాలి.

ఇంకో మాట. అభిప్రాయం చెప్పే దారి ముసాయిదా ఒక్కటే కాదు. దరఖాస్తు ప్రచురించాక, పేటెంట్ ఇచ్చేలోపు సెక్షన్ 25(1) కింద ‘ఎవరైనా’ అభ్యంతరం వేయొచ్చు. ఇచ్చాక వేయాలంటే ఏడాది లోపే, అదీ ఆ విషయంతో సంబంధం ఉన్నవాళ్లే. ముందు అభ్యంతరానికి ఒకప్పుడు ఫీజు లేదు, 2024 నిబంధనలతో పెట్టారు. పిల్లలకు అది భారమే. ముసాయిదా మీద రాయడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

హన్మకొండ:
అందరికీ థాంక్స్. ఇట్లా రాశాను, చూడండి: ‘ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాంకు పేటెంట్ ఇవ్వరు. పక్కన మామూలు కంప్యూటర్‌ను చేర్చినంత మాత్రాన అది ఉత్తది కాకుండా పోతుందా అన్నదే తగువు.’ దాని కింద సిరిసిల్ల అన్న చెప్పిన మూడు సాంచెలు. దరఖాస్తులో ‘ఇంతమేర హక్కు నాది’ అని రాసుకునే ‘క్లెయిం’ను ఏమనాలో తెలియక అట్లనే ఉంచాను.

కాజీపేట:
ఉంచు. బ్యాంకులో, బీమాలో క్లెయిం అనే అంటున్నరు జనం. ‘తగువు’ బాగుంది, దాన్ని ఎవరు ‘వివాదం’గా మార్చమన్నా మార్చకు.