ముప్పై వేలు స్ట్రీమర్‌కా, స్పీకర్లకా?

ఎంవీపీ శ్రోత:
హాల్లో పాటలు వినడానికి రూ.30,000 దాకా పెట్టాలనుకుంటున్నాను. ఇప్పుడున్నది చిన్న బ్లూటూత్ స్పీకరు. నాన్నగారికి కర్ణాటక సంగీతం, అందులోనూ మన విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ అంటే ప్రాణం. నాకు సినిమా పాటలు. మంచి డీఏసీ (డిజిటల్ పాటను స్పీకర్లకు పనికొచ్చే సంకేతంగా మార్చే చిప్పు) ఉన్న స్ట్రీమర్, అంటే నెట్ నుంచి పాటలు తెచ్చే పెట్టె కొని, పాటలో ఏదీ పోగొట్టకుండా పంపే లాస్‌లెస్ చందా కడితే చాలని, స్పీకర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చని షాపులో అన్నారు. మీరేమంటారు?

గాజువాక:
షాపులో చెప్పింది సబబే. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. మామూలు స్ట్రీమింగ్‌లో మహా అయితే 320. మొదట్లోనే పోయినదాన్ని ఏ స్పీకరూ వెనక్కి తేలేదు. యాపిల్ మ్యూజిక్ 2021 నుంచి అదనంగా డబ్బు అడగకుండానే లాస్‌లెస్ ఇస్తోంది. ముందు అక్కడ బాగుచేసుకోండి.

సీతమ్మధార:
గాజువాక గారూ, ఆ రెండు అంకెల మధ్య ఉన్నదంతా వినపడే సంగీతం కాదండీ. ఏమీ పోగొట్టని ఫ్లాక్ ఫైలు కూడా చాలాసార్లు సీడీ సైజులో సగానికి దగ్గరగా వస్తుంది. 320లో పోయేవి ఎక్కువగా, పెద్ద శబ్దం పక్కన చెవికి అందని చిన్న శబ్దాలు. ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్లకి రెండూ మార్చి మార్చి వినిపించండి. వాల్యూమ్ మాత్రం కచ్చితంగా సమానంగా ఉండాలి, ఎందుకంటే కాస్త గట్టిగా మోగినదే అందరికీ బాగుందనిపిస్తుంది. చాలామంది పోల్చుకోలేరు.

స్పీకరు మారిస్తే మాత్రం ఎవరికీ చెప్పక్కర్లేదు. మృదంగం ఎడమవైపు లోతైన నాదం పలకాలంటే స్పీకరు కోన్ (ముందు కంపించే గరాటు లాంటి భాగం) చాలా గాలిని కదపాలి. అరచేతిలో పట్టే స్పీకరుకు ఆ శక్తి లేదు, దానికి ఏ ఫైలిచ్చినా అంతే. నాయుడుగారి పాత 78 ఆర్‌పీఎం రికార్డుల్ని సీడీని మించిన నాణ్యతలో, అంటే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో పెట్టినా ఆనాటి మైకు పట్టుకోని నాదం ఇప్పుడు పుట్టదు. ఉన్న నాదాన్ని పూర్తిగా పలికించే స్పీకర్లు మీ నాన్నగారికి కావాలి.

ఇంకో మాట. మన ఫ్లాట్లన్నీ నున్నటి టైల్సు, ఖాళీ గోడలు. హాల్లో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. గణగణమని తిరిగొస్తే ఆ మోతలో గమకాలు కలిసిపోతాయి. డబ్బులో నాలుగింట మూడొంతులు స్పీకర్లకు, వాటిని నడిపే యాంప్లిఫయర్‌కు పెట్టండి.

గాజువాక:
ధర పెరగనప్పుడు లాస్‌లెస్ వద్దనడం దేనికండీ? హెడ్‌ఫోన్‌లో తంబురా శ్రుతి వింటే నాకు తేడా తెలుస్తుంది.

సీతమ్మధార:
వద్దనడం లేదు, పెట్టుకోమనండి. కానీ దాన్ని ఫోను నుంచి బ్లూటూత్‌లో పంపితే సాధారణంగా దారిలో మళ్లీ కుదింపు జరుగుతుంది. అప్పుడు లాస్‌లెస్ అలాగే స్పీకరుకు చేరదు. వైఫైలో అయితే చేరే వీలుంది. క్రోమ్‌కాస్ట్ లాంటి పద్ధతుల్లో పరికరమే నెట్ నుంచి పాట తెచ్చుకుంటుంది కాబట్టి, ఫోన్ మోగినా పాట ఆగదు.

భీమిలి:
నాది సముద్రం పక్క ఇల్లు. కోన్ అంచున ఫోమ్ ఉన్న స్పీకర్లు మన తేమకి త్వరగా చివికిపోతాయి, రబ్బరు అంచువి తీసుకోండి. తీగ చివర్లు విడిగా వదిలేస్తే రాగి పచ్చబడుతుంది, వాటికి బనానా ప్లగ్గులు (తీగ చివర బిగించి స్పీకరులో గుచ్చే పిన్నులు) పెట్టించండి. స్ట్రీమర్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉన్నవి వద్దు. కంపెనీ యాప్‌ను ఆపేస్తే బాగా పనిచేసే స్పీకర్లు కూడా మూలన పడతాయి. స్ట్రీమర్ విడిగా, చవగ్గా ఉండాలి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి డీఏసీ బోర్డు తగిలించి, అందులో వొలూమియో అనే పాటల సాఫ్ట్‌వేర్ వేసుకున్నా చక్కగా నడుస్తుంది.

ఎంవీపీ శ్రోత:
స్పీకర్లకే మొగ్గుతున్నాను. గది సంగతే టెన్షన్. అద్దె ఇల్లు, గోడలకు మేకు కొట్టనివ్వరు.

సీతమ్మధార:
మేకులు అక్కర్లేదండీ. కిటికీలకు మందపాటి కర్టెన్లు, మీరు కూర్చునే చోటుకీ స్పీకర్లకీ మధ్య నేలమీద జంపఖానా, మీ వెనక గోడకి పుస్తకాల బీరువా. స్పీకర్లని గోడకి ఆనించకుండా ఒక అడుగు ముందుకి జరిపి, ట్వీటర్లు (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) నాన్నగారు కూర్చున్నప్పుడు ఆయన చెవి ఎత్తుకి వచ్చేలా స్టూళ్ల మీద పెట్టండి. కొనేముందు షాపుకి ఆయన్నే తీసుకెళ్లి, ఆయనకి బాగా తెలిసిన వయొలిన్ రికార్డు వేయించి వినిపించండి.