మల్లేశ్వరంలో పక్కింటి బేస్‌మెంట్ తవ్వకం: ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. 1898 ప్లేగు తర్వాత బెంగళూరులో వెలసిన పేట మా మల్లేశ్వరం. మా మామగారి కాలం నుంచీ ఇక్కడే ఉంటున్నాం. పక్కనున్న మంగళూరు పెంకుల ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. కట్టొద్దని అనను, వాళ్ల స్థలం. కానీ బేస్‌మెంట్ కోసం మా ప్రహరీని ఆనుకుని తవ్వేస్తున్నారు. దేవుడి గది గోడకి వేలు దూరేంత బీట పడింది. బిల్డర్‌ని అడిగితే "పాత ఇల్లు కదమ్మా" అన్నాడు. కడుపు రగిలిపోయింది.

వీధిలో సంపెంగ చెట్టుకీ పెయింటుతో గుర్తు పెట్టారు. ఆ చెట్టు పోతే ఈ వీధి మాది అనిపించదు. కర్ణాటక 1976 చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ అనుమతి ఉండాలి కదా, ఆ కాగితం ఆర్టీఐలో ఇస్తారా? గోడ సంగతికి ముందు ఇంజనీరు చేత రిపోర్టు రాయించాలా, కార్పొరేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలా? ఇలాంటిది పడ్డవాళ్లు దయచేసి చెప్పండి.